రెండు నదుల నడుమ మానవ మనస్సు

మానవుని మనస్సు శూన్యమున జనించి శూన్యమున వర్ధిల్లునది కాదు. వాడు నిత్యము చూచు కొండ, త్రాగు నీరు, నడచు నేల, విశ్రమించు నీడ, ఇవి యన్నియు వాని తలపులకు, భయములకు, ఆశలకు ఒక ఆకృతి నొసగుచున్నవి. మాతృభాష వలెనే మాతృభూమియు మనిషికి తెలియకుండగనే వాని లోపల ప్రవేశించును. ఈ సంగతి స్వస్థలము విడిచి దూరదేశమున కాపురమున్నవారికి తెలిసినంత స్పష్టముగా ఇతరులకు తెలియదు. తొలకరి వాన పడినప్పుడు లేచు మట్టివాసన ఎచ్చటనైనను ఒకటియే యని శాస్త్రము చెప్పవచ్చును. గోదావరీతీరమునుండి ఛోటానాగపురము వచ్చినవాని మనస్సు మాత్రము ఆ రెండు వాసనలను ఒకటిగా ఎన్నడును అంగీకరింపదు.

ఈ సంబంధమును గూర్చిన విచారణ చాల ప్రాచీనమైనది. క్రీస్తుకు పూర్వపు గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు పేర వెలసిన ఒక గ్రంథము, గాలిని, నీటిని, స్థలమును పరిశీలింపక రోగమును నిర్ణయింపరాదని బోధించెను. ప్రాచీన తమిళ సంగమ కవులు కొండ, అడవి, పొలము, సముద్రతీరము, ఎడారి అను అయిదు 'తిణై'లను ఏర్పరచి, కలయిక, నిరీక్షణ, అలుక, విలాపము, ఎడబాటు అను అయిదు మనోదశలను వరుసగా వానికి ముడివేసిరి. 1748లో ఫ్రెంచి పండితుడు మాంటెస్క్యూ శీతోష్ణస్థితి జాతుల స్వభావమును, శాసనములను తీర్చిదిద్దునని వాదించెను. ఈ కడపటి వాదము తరువాతి కాలమున పరపాలకులకు మిక్కిలి అనుకూలించినది. ఉష్ణదేశవాసులు సహజముగనే సోమరులనియు, స్వపరిపాలనకు తగరనియు చెప్పుటకు వారికి దీనిని మించిన సాకు దొరకలేదు. కావున ఈ విషయమున జాగరూకత అవసరము. ప్రకృతి మనస్సును శాసించుననుట అతిశయోక్తి. ప్రకృతియు మనస్సును ఒకదానినొకటి తీర్చుకొనుచున్నవనుటయే చరిత్రకు సమీపమైన మాట.

ఈ మాటకు నిదర్శనము వెదకుటకు గ్రీసు దేశమువరకు పోనక్కరలేదు. ఖర్కాయ్ నది గట్టున నిలిచి నాలుగు దిక్కులు చూచినచో చాలును. ఈ చోట శతాధిక వత్సరములలో అడవి గ్రామమై, గ్రామము కర్మాగారమై, కర్మాగారము నగరమైనది. ఆ మార్పుతోపాటు మనుష్యుల మనస్సులును మారినవి. ఆ కథయే ఇచ్చట ప్రస్తావవిషయము.

నదులు, కొండ, అడవి

ఖర్కాయ్ మయూరభంజ్ కొండలలో పుట్టి ఉత్తరముగా ప్రవహించి, సోనారీ వద్ద సువర్ణరేఖలో కలియుచున్నది. ఆ సంగమస్థలమునకు 'దోముహానీ' యని పేరు. రెండు ముఖములు గలదని అర్థము. ఖర్కాయ్‌కు ఒక వైపున జంషెడ్‌పూర్, ఆవలి వైపున ఆదిత్యపూర్ కలవు. ఉత్తరమున సుమారు మూడు వేల అడుగుల ఎత్తున దల్మా కొండ నిలిచియున్నది. నేడది ఏనుగులకు నెలవైన అభయారణ్యము. ఇచ్చటి అడవిలో ప్రధానమైనది సాలవృక్షము. దానితోపాటు తెలుగువారు చక్కగా ఎరిగిన ఇప్ప, మోదుగ, మద్ది, తునికి చెట్లును కలవు. ఫాల్గుణమున మోదుగ పూచినప్పుడు కొండవాలు నిప్పంటుకొన్నట్లు తోచును. మన్యపు అడవులను చూచినవానికి ఈ అడవి పరాయిది కాదు.

ఈ నేలకు తొలి కాపులు హో, ముండా, సంతాల్, భూమిజ్ మొదలగు ఆదివాసులు. వారు అడవిని నరికి ఊరు నిర్మించునప్పుడు ఒక నియమమును పాటించిరి. తొలి అడవిలో కొంత భాగమును గొడ్డలి తాకనీయక విడిచిపెట్టిరి. ఆ తోపునే ముండాలు సర్నా యనియు, సంతాలులు జాహేర్ యనియు, హో జనులు దేశావులి యనియు పిలుతురు. ఊరి దేవతలు అచ్చటనే నివసింతురని వారి విశ్వాసము. గుడి లేదు, గోపురము లేదు. పాత చెట్లే దేవళము. అడవిని నరుకక తప్పదని తెలిసిన మనుష్యుడు, తాను నరికినదానిని మరువకుండుటకై ఆ జ్ఞాపకమును ఊరి ప్రక్కనే నిలుపుకొనుటలో గొప్ప మనస్తత్త్వరహస్యము కలదు. తన బ్రతుకునకై ఒకదానిని నాశనము చేయవలసివచ్చినవాడు, దానికి తాను ఋణపడితినని ప్రతి సంవత్సరము ఒప్పుకొనుచున్నాడు.

ఆ ఒప్పుకోలు పండుగ రూపమున కనబడును. చైత్ర శుద్ధ తదియనాడు ముండా, ఉరాఁవ్ జనులు సర్హుల్ జరుపుకొందురు. సంతాలుల, హో జనుల 'బాహా' యను పండుగయు వసంతమునకే చెందినది. బాహా యనగా పువ్వు. తోపులో సాలపుష్పములను దేవతలకు సమర్పించిన పిదప గాని స్త్రీలు ఆ యేటి క్రొత్తపూవులను తలలో తురుముకొనరు. చెట్టు పూచినది గదా యని చేయి చాచుటకును, అనుమతి పొంది తీసికొనుటకును గల భేదమును ఈ ఆచారము పసితనమునుండియే నేర్పును. తెలుగువారు చైత్ర శుద్ధ పాడ్యమినాడు వేపపూవును దేవునికి నివేదించి నోట వేసికొందురు. మరి రెండు దినములకే ఇచ్చట సాలపుష్పపూజ జరుగును. రెండు జాతుల పంచాంగములు దాదాపు ఒకేసారి పూవుతో తెరువబడుట యాదృచ్ఛికము కాదు. పొలిమేర వేపచెట్టు క్రింద గ్రామదేవతను నిలిపిన తెలుగు పల్లెకును, సాలవనమున దేవతను చూచిన ఛోటానాగపుర గ్రామమునకును నడుమనున్న దూరము భూగోళపటములో కనబడునంతటిది కాదు.

ముండా, హో జనులకు భూమితో గల సంబంధమును తెలుపు మరియొక గుర్తు కలదు. మరణించినవారి అస్థికలను కుటుంబపు రాతిపలక క్రింద నుంచుట వారి ఆచారము. ఆ శిలలను 'ససన్‌దిరి' యందురు. ఏ వంశమువారి శిలలు ఏ గ్రామమున గలవో ఆ గ్రామము ఆ వంశమువారిది. వారికి పట్టాయు, దస్తావేజును ఆ రాయియే. కచేరీలో కాగితమడిగిన అధికారికిని, తాత ముత్తాతల శిలను చూపిన రైతునకును నడుమ భాష కుదరలేదు. ఆస్తి యను మాటకు ఇరువురి మనస్సులలో గల అర్థములే వేరు. ఒకరికి భూమి కొలిచి అమ్మదగిన వస్తువు. రెండవవారికి అది బంధువు.

ఈ వైరుధ్యమునుండియే ఛోటానాగపుర చరిత్రలోని కల్లోలములలో పెక్కు పుట్టినవి. 1831-32లో కోల్ తిరుగుబాటు జరిగెను. 1837లో కోల్హాన్ ప్రాంతమును ఆంగ్లేయులు తమ పాలనలోనికి తెచ్చికొనిరి; అప్పటి అధికారి విల్కిన్‌సన్ మాంకీ, ముండాలను గ్రామపెద్దల అధికారమును అంగీకరింపవలసివచ్చెను. 1865, 1878 సంవత్సరముల అటవీ శాసనముల పిదప, నిన్నటివరకు తమవైన అడవులలో కట్టెలు కొట్టుట ఆదివాసులకు నేరమయ్యెను. 1899-1900లో బిర్సా ముండా నాయకత్వమున జరిగిన ఉద్యమము, 1900 జూన్ 9న రాంచీ చెరసాలలో ఆయన మరణము, తరువాత 1908లో వచ్చిన ఛోటానాగపుర కౌలుదారీ చట్టము సుప్రసిద్ధములు. తెలుగుదేశమునను ఇట్టి చరిత్రయే నడచినది. 1879 నాటి రంపపితూరీకిని, 1922-24 నడుమ అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటమునకును మన్యపు అడవులపై విధింపబడిన ఆంక్షలు ఒక ముఖ్యకారణము. పన్నుల భారమును, వడ్డీవ్యాపారుల దౌష్ట్యమును మాత్రమే లెక్కించి ఈ తిరుగుబాటులను వివరించుట చాలదు. తన అడవిలో తానే దొంగ యనిపించుకొన్నవాని మనోవ్యథ ఏ లెక్కల పుస్తకములోను చేరదు. చరిత్రను కదిలించిన శక్తులలో అదియు నొకటి.

ఉక్కునగరము

1904లో భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు మయూరభంజ్‌లోని ఇనుపఖనిజమును గూర్చి తాతా సంస్థకు లేఖ వ్రాసెను. 1907 ఆగస్టు 26న తాతా ఇనుము ఉక్కు సంస్థ నమోదయ్యెను. ఆ సంవత్సరాంతమున కర్మాగారమునకు అనువైన చోటు వెదకినవారు సాక్చీ యను చిన్న గ్రామమును ఎన్నుకొనిరి. రెండు నదుల నీరు, సమీపమున ఖనిజము, బొగ్గు, చెంతనే బెంగాల్ నాగపూర్ రైలుమార్గముపై కాలిమాటి స్టేషను: ఇవి యన్నియు ఒకచోట గూడియున్నవి. 1908లో అడవి కొట్టుట ప్రారంభమయ్యెను. 1911 డిసెంబరులో ఇనుమును, 1912 ఫిబ్రవరిలో ఉక్కును తయారయ్యెను. 1919 జనవరిలో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణము చేసెను. కాలిమాటి స్టేషను తాతానగర్ అయ్యెను. పది, పన్నెండేండ్లలో సాక్చీ అడవి పోయినది, పేరును పోయినంత పనియైనది. ఒక పేటకు మాత్రమే ఆ పేరు మిగిలినది.

అయినను ఈ నగరచరిత్రలో స్మరింపదగిన విశేషమొకటి కలదు. చోటు దొరకుటకు అయిదేండ్లు ముందుగనే, 1902లో, జంషెడ్జీ తాతా తన కుమారుడు దోరాబ్జీకి వ్రాసిన లేఖలో రాబోవు నగరమెట్లుండవలెనో వివరించెను. వెడల్పైన వీథులు, వాని కిరువైపుల త్వరగా పెరిగి నీడనిచ్చు చెట్లు, పచ్చికబయళ్లు, తోటలు, ఆటస్థలములు, అన్ని మతములవారికి ప్రార్థనామందిరములు, ఇవి అందలి అంశములు. జంషెడ్జీ 1904లో కీర్తిశేషుడగుటచే ఆ నగరమును చూడలేదు. అదే కాలమున ఇంగ్లండులో ఎబెనెజర్ హోవర్డు 'ఉద్యాననగర' సిద్ధాంతమును ప్రచారము చేయుచుండెను. 1903లో లెచ్‌వర్త్ నగరమునకు పునాది పడెను. మాంచెస్టరు, పిట్స్‌బర్గు వంటి నగరముల పొగలో శ్రామికుల దేహములే గాక మనస్సులును నలిగిపోవుచుండుటను చూచిన తరము వారిది. చెట్టు అలంకారము కాదనియు, శ్రామికునికి అన్నము, నీరు వలెనే ఆవశ్యకమనియు ఒక వ్యవసాయాధిపతి గాక పరిశ్రమాధిపతి తలచుట ఆ నాటికి క్రొత్త సంగతి.

తలంపు గొప్పది, ఆచరణము మాత్రము అంత సులభము కాలేదు. కెనెడీ, సాలిన్ అను ఇంజనీర్లు రచించిన తొలి ప్రణాళిక చదరంగపు గడుల వలె వీథులను గీచినది. 1919 ప్రాంతమున వచ్చిన ఎఫ్. సి. టెంపుల్ నేల వాలును, వాగుల దారిని గమనించి వీథులను మలచుటకు యత్నించెను. ఆదివాసి శ్రామికులకై షడ్భుజాకారపు వాడ నొకదానిని ఊహించెను. వారి అలవాటులను గూర్చి ఒక ఇంజనీరు ఆలోచించుట ఆ రోజులలో అరుదు. 1936లో స్టోక్సు, 1944-45లో జర్మనీనుండి ప్రవాసము వచ్చిన ఓటో కోనిగ్స్‌బర్గరు మరల ప్రణాళికలు సిద్ధపరచిరి. తరువాత భువనేశ్వరమునకు ప్రణాళిక రచించినవాడును కోనిగ్స్‌బర్గరే. సంస్థ స్వర్ణోత్సవ స్మారకముగా వెలసిన జూబిలీ పార్కును 1958లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. రెండు వందల ఎకరములకు పైబడిన ఆ ఉద్యానము నేటికిని నగరమునకు ఊపిరి.

నాలుగు మారులు ప్రణాళికలు రచింపవలసివచ్చుటకు హేతువేమి? ప్రణాళికలో లెక్కించిన జనమునకంటె వచ్చిన జనము ప్రతిసారియు ఎక్కువైరి. అధికారుల బంగళాల చుట్టు తోటలు పెరిగినవి. శ్రామికులలో అనేకులు ఇరుకు బస్తీలలో తలదాచుకొనిరి. సర్నా తోపునకును, నగరోద్యానమునకును గల భేదమిచ్చట బయటపడుచున్నది. తోపు ఊరివారందరిది. అందరికిని ఇంటికి సమీపమున నుండునది. ఉద్యానము కొందరికి కిటికీ ఎదుట, కొందరికి ఆదివారపు ప్రయాణము. నీడ కూడ జీతము వలెనే హోదాను బట్టి పంచబడినచో, ప్రకృతివలన కలుగు మనశ్శాంతియు హోదాను బట్టియే కలుగును. ఇది జంషెడ్‌పూర్‌కు మాత్రమే చెందిన దోషము కాదు. భారతదేశమున ప్రభుత్వోద్యోగుల కాలనీలు గల ప్రతి నగరమును ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది.

మనోవైద్యమునకు ఒక పీఠభూమి

ఆదిత్యపూర్‌నుండి కొన్ని గంటల ప్రయాణముననున్న రాంచీ నగరము ఈ చరిత్రలో మరియొక విధముగా ముఖ్యమైనది. సముద్రమట్టమునకు రెండు వేల అడుగులకు పైబడిన ఆ పీఠభూమి చల్లని గాలికి ప్రసిద్ధిచెంది, బీహారు ఒరిస్సా ప్రభుత్వమునకు వేసవి రాజధానియై యుండెను. 1918లో రాంచీ సమీపమున కాంకే యందు ఐరోపావారికై ఒక మానసిక చికిత్సాలయము వెలసెను. 1925లో భారతీయుల చికిత్సాలయము పాట్నానుండి అచ్చటికే తరలివచ్చెను. మొదటిదానికి 1919నుండి 1934వరకు అధిపతిగా నుండిన ఓవెన్ బర్కిలీ హిల్, రోగులను గదులలో బంధించుటకు మారుగా వారికి చేతిపనిని, ఆటపాటలను కల్పించు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1922లో కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు స్థాపించిన భారతీయ మనోవిశ్లేషణ సంఘమున ఆయనయు సభ్యుడు. ఐరోపావారికి, భారతీయులకు వేరువేరు ఆస్పత్రులు ఏర్పరచుట ఆ కాలపు కళంకము. నేడా రెండు సంస్థలును అందరికిని ద్వారములు తెరచియున్నవి.

మనోరోగికి విశాలమైన ఆవరణము, చెట్లు, తోటపని మేలుచేయునన్న భావము అంతకు పూర్వమే ఇంగ్లండులో వ్యాపించెను. 1796లో యార్కు నగరమున విలియం ట్యూక్ స్థాపించిన 'రిట్రీట్' అను శరణాలయము అందుకు మార్గదర్శకము. అయితే ఈ భావము చాలకాలము అనుభవముపై ఆధారపడిన విశ్వాసముగనే నిలిచినది. దానికి శాస్త్రపరీక్ష 1984లో జరిగెను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆస్పత్రియందు ఒకే శస్త్రచికిత్స పొందిన నలుబదియారుగురు రోగుల వివరములను రోజర్ ఉల్రిచ్ అను పరిశోధకుడు పోల్చిచూచెను. వారిలో సగము మంది పడకలకు ఎదుటి కిటికీనుండి చెట్లు కనబడుచుండెను. మిగిలినవారికి ఇటుకగోడ కనబడుచుండెను. చెట్లను చూచుచుండినవారు త్వరగా ఇంటికి వెళ్లిరి. తీవ్రమైన నొప్పిమందులును వారికి తక్కువగనే కావలసివచ్చెను.

దీనికి కారణమేమి? రేచెల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1989లో ప్రచురించిన గ్రంథమున ఒక సమాధానము కలదు. కచేరీలో దస్త్రము చదువుట, యంత్రము ముందు నిలుచుట, లెక్క సరిచూచుట, వీనికి బలవంతపు ఏకాగ్రత కావలయును. ఆ శక్తి పరిమితమైనది. వాడగా వాడగా అలసిపోవును. అప్పుడు విసుగు, కోపము, పొరపాటు తలయెత్తును. ఆకు కదలిక, నీటి అల, మబ్బు నడక మనస్సును ఆకర్షించును గాని అలయింపవు. ఆ వేళ బలవంతపు ఏకాగ్రతకు విశ్రాంతి దొరకును. చెట్టు క్రింద ఊరకే కూర్చుండుట సోమరితనము కాదనియు, రేపటి పనికి మూలధనమనియు దీని భావము. కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడలో భుజింపవలెనని విధించిన మన పెద్దలు ఈ పరిశోధనలు చదువలేదు; అనుభవమును ఆచారముగా మలచిరి. ఆచారమంతయు శాస్త్రమే యని గర్వించుట తగదు. ఆచారమును శాస్త్రము పరీక్షించి నిలిపిన చోట సంతోషించుట తగును.

తెలుగువారి రాక

బెంగాల్ నాగపూర్ రైలుమార్గము ఒక కొమ్మను కలకత్తానుండి నాగపురమునకు, మరియొక కొమ్మను కటకము మీదుగా వాల్తేరునకు చాచినది. రెండును ఖర్గపూర్‌లో కలిసినవి. ఆ దారినే గంజాము, విశాఖపట్టణ మండలములనుండి వేలకొలది తెలుగువారు ఖర్గపూర్‌నకును, అచ్చటనుండి ఉక్కునగరమునకును వచ్చిరి. వారిలో కొందరు కూలీలు, కొందరు పనివాండ్రు, కొందరు గుమాస్తాలు. 1950 నవంబరులో జంషెడ్‌పూర్‌న జాతీయ లోహశాస్త్ర పరిశోధనాలయము ప్రారంభమయ్యెను. 1960 ఆగస్టు 15న ఆదిత్యపూర్‌న ప్రాంతీయ సాంకేతిక విద్యాలయము స్థాపింపబడెను. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాలయమయ్యెను. వీనితో శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, ప్రభుత్వోద్యోగులు తెలుగుదేశమునుండి వచ్చుట హెచ్చెను.

తీరప్రాంతమున పుట్టినవాడు పీఠభూమికి వచ్చినప్పుడు మొట్టమొదట కోల్పోవునది దిగంతము. సముద్రము, వరిచేలు, తాటితోపులు గల చోట చూపు దూరముగా సాగును. ఇచ్చట కొండ చూపును నిలుపును. రాత్రి కొలిమి వెలుగు ఆకాశమును ఎఱ్ఱజేయును. వేసవి వడగాలి పొడిది. శీతకాలపు చలి తీవ్రమైనది. ఇట్టి మార్పునకు మనస్సు రెండు విధముల స్పందించును. మొదటిది, జ్ఞాపకమున ఇంటిని నిర్మించుకొనుట. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వంటి సంస్థలును, పెరటిలో కరివేపాకు, గోంగూర నాటుకొనుటయు, సంక్రాంతికి ముగ్గు, గొబ్బెమ్మలు పెట్టుటయు ఈ కోవకు చెందినవి. ఇవి లేనిచో ప్రవాసి మనస్సు ఎండిపోవును.

రెండవది, వచ్చిన చోటును తెలిసికొనుట. ఇది కష్టతరము. పెక్కేండ్లు ఒక ఊరనుండియు ఎదుటి చెట్టు పేరు తెలియనివారు కలరు. బదిలీల ఉద్యోగమున మూడు, నాలుగేండ్లకు సామాను కట్టవలసినవాడు ఈ నేలతో నాకేమి పని యనుకొనుట సహజమే. కాని అట్లనుకొన్నవానికి ఏ ఊరును తనది కాదు. పదవీవిరమణ పొంది స్వగ్రామము చేరునప్పటికి ఆ గ్రామమును మారిపోయి యుండును. మకరసంక్రాంతినాడు తెలుగింట గొబ్బెమ్మల చుట్టు ఆడపిల్లలు పాడుచుండగా, అదే దినమున సువర్ణరేఖా ఖర్కాయ్ తీరములలో స్త్రీలు టుసు ప్రతిమలను పాటలతో నదికి తీసికొనిపోవుదురు. రెండును పంట ఇంటికి వచ్చిన సంతోషమే. ఒకదానిని ఎరిగినవారికి రెండవది అర్థమగుటకు అనువాదకుడు అక్కరలేదు. నది గట్టుకు ఒకసారి నడచిన చాలును.

సరైకేలా ఛావు నృత్యము ఈ అవగాహనకు మరియొక ద్వారము. చైత్రపర్వమున జరుగు ఈ నృత్యమున నటుడు ముసుగు ధరించును. ఆ ముసుగులను ఖర్కాయ్ గట్టు మట్టి అచ్చుపై కాగితము, గుడ్డ పొరలు అంటించి చేయుదురు. మయూరము, రాత్రి, నావికుడు మొదలగునవి నృత్యవస్తువులు. ముఖము కదలదు, కన్ను పలుకదు. మెడ వంపు, పాదగతి మాత్రమే చెప్పవలసినదంతయు చెప్పును. మనిషి తన ముఖమును నది మట్టి వెనుక దాచి, నెమలియు రాత్రియు తానై నిలుచును. 1938లో సరైకేలా కళాకారులు ఐరోపాలో ఈ నృత్యమును ప్రదర్శించిరి. 2010లో ఐక్యరాజ్యసమితి విద్యా వైజ్ఞానిక సాంస్కృతిక సంస్థ ఛావును మానవజాతి వారసత్వముగా గుర్తించెను.

ఆవలి గట్టు

ఆదిత్యపూర్ సరైకేలా సంస్థానమునకు చెందిన భూమి. 1948 జనవరి 1న సంస్థానము ఒరిస్సాలో విలీనమై, అదే సంవత్సరము మే నెలలో బీహారునకు మారెను. 2000 నవంబరు 15న ఝార్ఖండ్‌లో చేరెను. ఉక్కునగరపు ఎల్లకు ఆవల నుండుటచే జంషెడ్జీ లేఖలోని చెట్లు ఈ గట్టునకు వాటంతట అవి రాలేదు. 1972లో పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి సంస్థ ఏర్పడెను. ఇచ్చట వెలసిన వందలాది చిన్న, మధ్యతరహా పరిశ్రమలలో పెక్కు మోటారువాహనముల భాగములను చేయునవి. 2011 జనాభా లెక్కల నాటికి ఆదిత్యపూర్ జనసంఖ్య సుమారు 1,74,000. ఒక గట్టున నగరమునకు ముందు ప్రణాళిక వచ్చినది. రెండవ గట్టున పరిశ్రమ ముందు వచ్చి నీడను గూర్చిన ఆలోచన వెనుక వచ్చినది. ధూళి, మురుగునీరు, వేసవి తాపము ఇచ్చటి జనుల దినచర్యలో భాగములు. వంతెన పొడవు కొలది గజములే. రెండు గట్టుల నడుమ మనస్సునకు దొరకు విశ్రాంతిలో తేడా అంతకంటె పెద్దది.

నీటికొరకు, విద్యుత్తుకొరకు చెల్లింపబడిన మూల్యమును విస్మరింపరాదు. సువర్ణరేఖపై చాండిల్ ఆనకట్ట వలన వందకు పైగా గ్రామములు పూర్తిగనో, కొంతయో ముంపునకు గురియైనవి. పొలమునకు పరిహారము నిర్ణయించు విధానము ప్రభుత్వమునకు తెలియును. జాహేర్ తోపునకు, పితరుల శిలకు వెల ఎంత? ఆ ప్రశ్నకు దస్త్రములలో గడి లేదు. స్వదేశముననే ఉండియు కన్నుల ఎదుట దేశము మారిపోయినవాని వేదనకు 2003లో ఆస్ట్రేలియా తత్త్వవేత్త గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ 'సొలాస్టాల్జియా' యని పేరుపెట్టెను. బొగ్గుగనులచే రూపుమారిన హంటర్ లోయలోని ప్రజలను చూచి ఆయన ఆ పదమును కల్పించెను. ప్రవాసి ఇంటికి దూరమై బెంగపడును. వీరు ఇంటనే ఉండి బెంగపడుదురు. పదము క్రొత్తది గాని వేదన సాక్చీ అడవి నాటిదే.

న్యాయశాస్త్రము కూడ మెల్లగా ఈ వేదనను గుర్తింప నేర్చుకొనుచున్నది. 1997లో ఆంధ్రప్రదేశమునకు సంబంధించిన సమతా వ్యాజ్యమున, షెడ్యూల్డు ప్రాంతముల భూములను గిరిజనేతరుల గనులకు కౌలుకిచ్చుట చెల్లదని సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చెను. 2013లో ఒరిస్సాలోని నియమగిరి విషయమున, కొండపై డోంగ్రియా కోంధులకు గల మతపరమైన, సాంస్కృతికమైన హక్కులను గ్రామసభలే విచారింపవలెనని సుప్రీంకోర్టు ఆదేశించెను. సమావేశమైన పన్నెండు గ్రామసభలును గనిని నిరాకరించెను. ఒక కొండకును ఒక జాతి మనస్సునకును గల బంధము న్యాయస్థానమున సాక్ష్యముగా నిలిచిన ఘట్టమది. ససన్‌దిరి శిలను పట్టాగా చూపిన ముండా రైతు మాట నూరేండ్లకు పైగా గడచిన పిదప విననయ్యెను.

ఈ చరిత్రనుండి తేలు విషయములు మూడు. ప్రకృతిని బంధువుగా చూచినవాడు దానినుండి తీసికొనుటకు అనుమతి కోరును. ఔషధముగా చూచినవాడు దానిని నాటి పెంచును. ముడిసరుకుగా మాత్రమే చూచినవాడు దానిని త్రవ్వి వెడలిపోవును. ఈ మూడు దృష్టులును ఈ రెండు నదుల గట్టులపై ఒకేసారి జీవించియున్నవి. ఉక్కు లేక నేటి బ్రతుకు సాగదు. రైలు, వంతెన, నాగలి అన్నియు ఉక్కే. కావున గనిని శపించి కూర్చుండుట వివేకము కాదు. గని ఉన్న దేశమున తోపునకును చోటుండునట్లు, ఆ తోపు బంగళాకే గాక బస్తీకిని సమీపమున నుండునట్లు చూచుట వివేకము.

1950లో ప్రారంభమైన వనమహోత్సవము ప్రతి సంవత్సరము జులై మాసమున ప్రభుత్వ కార్యాలయములలో జరుగుచునే యున్నది. మొక్క నాటునప్పుడు ఛాయాచిత్రము తీయుదురు. మరుసటి వేసవిలో దానికి నీరు పోయువారు అరుదు. ఎక్కడినుండి వచ్చినవారైనను, ఎన్నాళ్లుండువారైనను, తామున్న ఊరి చెట్ల పేర్లు నేర్చి, పిల్లలకు నేర్పి, నాటిన మొక్కకు రెండు వేసవులు నీరు పోసిన కుటుంబము ఆ ఊరికి అతిథి కాదు. బదిలీ ఉత్తరువు వచ్చి వారు వెడలిపోయినను, ఆ చెట్టు నీడలో ఎవరో ఒకరు అలసట తీర్చుకొందురు. ఖర్కాయ్‌కు ఆవలి గట్టున అట్టి నీడ అవసరము నేడును తీరలేదు.